తోకవైపు నుంచి చదివితే ఇంగ్లీషు వాక్యం: క్రియ, కర్మ, ప్రిపొజిషన్ పట్టుకునే పద్ధతి

"నేను నిన్న మార్కెట్లో కూరగాయలు కొన్నాను." ఈ వాక్యంలో "నేను"ని కదపకుండా ఉంచి, మిగతా మాటల్ని చివరి నుంచి వెనక్కి చదవండి. కొన్నాను, కూరగాయలు, మార్కెట్లో, నిన్న. ఇంగ్లీషు వాక్యం సరిగ్గా ఈ వరసలోనే వస్తుంది: "ఐ బాట్ వెజిటబుల్స్ ఇన్ ద మార్కెట్ యెస్టర్‌డే."

ఇదేదో ఒక్క వాక్యానికి కలిసొచ్చిన సంగతి కాదు. ఏ ముక్కలోనైనా అసలు భారం మోసే మాటని తెలుగు చివర పెడుతుంది, ఇంగ్లీషు ముందు పెడుతుంది. వాక్యానికి ఆ మాట క్రియ. "మార్కెట్లో" అనే చిన్న ముక్కకి "లో". అందుకే "మార్కెట్-లో" తిరగబడి "ఇన్ ద మార్కెట్" అవుతుంది, "బల్ల మీద" తిరగబడి "ఆన్ ద టేబుల్" అవుతుంది. ఈ "ఇన్", "ఆన్" లాంటి మాటలే ప్రిపొజిషన్లు. ఇంకా పెద్ద ముక్క చూడండి: "మా ఊళ్ళో బడి పక్కన ఉన్న చెరువు". వెనక నుంచి చదివితే చెరువు, పక్కన, బడి, లో, మా ఊరు. ఇంగ్లీషులో "ద పాండ్ బిసైడ్ ద స్కూల్ ఇన్ అవర్ విలేజ్". ఒక్క మాట కూడా వరస తప్పలేదు.

రెండు మినహాయింపులు మాత్రం ఇప్పుడే గుర్తు పెట్టుకోవాలి. విశేషణాలు, అంకెలు తిరగబడవు: "పెద్ద ఇల్లు" ఇంగ్లీషులోనూ "బిగ్ హౌస్", "మూడు పుస్తకాలు" అక్కడా "త్రీ బుక్స్". "మా", "నీ", "వాళ్ళ" లాంటివీ అంతే, పైన "మా ఊరు" "అవర్ విలేజ్"గానే ఉండిపోయింది చూడండి. ఇక "నాకు" అని మొదలయ్యే వాక్యాల్లో కర్తే మారిపోతుంది. వాటి సంగతి కాసేపట్లో.

ఉదాహరణలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఉన్నాయి. నోటుబుక్కులో రాసుకునేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి. స్పెల్లింగూ వ్యాకరణమూ విడివిడిగా నేర్చుకుంటే పని రెట్టింపవుతుంది.

ముందు క్రియని దొరకబుచ్చుకోండి

ఇంగ్లీషు వాక్యం రాయాలన్నా చదవాలన్నా మొదటి పని క్రియని వెతకడం. తెలుగులో క్రియ లేకుండా కూడా నిండైన వాక్యం ఉంటుంది: "అతను టీచరు." "ఇది మా ఇల్లు." ఇంగ్లీషు దీన్ని ఒప్పుకోదు. "హి టీచర్" అన్నది వాక్యం కాదు, "హి ఈజ్ ఎ టీచర్" అవ్వాలి. తెలుగులో క్రియ కనబడని ప్రతిచోటా ఇంగ్లీషులో యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్‌లలో ఒకటి పడాలి. మొదటి నెల తప్పుల్లో చాలా భాగం ఇవే.

రెండో తేడా కర్త విషయంలో. "వచ్చాను" అంటే చాలు, వచ్చింది నేనే అని చివరి "ను" చెప్పేస్తుంది. ఇంగ్లీషు "కేమ్"కి ఆ శక్తి లేదు. నేనొచ్చినా, వాడొచ్చినా, ఊరంతా వచ్చినా అదే "కేమ్". కాబట్టి కర్తని చెప్పి తీరాలి. కర్తే లేని చోట కూడా ఒక డమ్మీని నిలబెడతారు: "ఎండగా ఉంది" అంటే "ఇట్ ఈజ్ హాట్", "వాన పడుతోంది" అంటే "ఇట్ ఈజ్ రైనింగ్". ఆ "ఇట్"కి అర్థమేమిటని వెతక్కండి. ఖాళీ కుర్చీ ఉంచకూడదని పెట్టిన మాట అది. ఒకచోట ఏదో ఉందని చెప్పడానికి "దేర్" అదే పని చేస్తుంది: "బల్ల మీద పుస్తకం ఉంది" అంటే "దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్".

ఇప్పుడు "నాకు" వాక్యాలు. తెలుగులో ఆకలి, ఇష్టం, తెలియడం, కావడం, ఉండడం అన్నీ మనిషి"కి" జరుగుతాయి. ఇంగ్లీషులో ఆ మనిషే కర్త.

నాకు ఆకలిగా ఉంది: ఐ యామ్ హంగ్రీ.
నాకు తెలుసు: ఐ నో.
నాకు నీళ్ళు కావాలి: ఐ వాంట్ వాటర్.
నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు: ఐ హావ్ టూ యంగర్ బ్రదర్స్.
నాకు జ్వరం వచ్చింది: ఐ హావ్ ఎ ఫీవర్.

ఇలాంటి వాక్యాన్ని తోకవైపు నుంచి తిప్పే ముందు "నాకు"ని "నేను" చేసుకోండి. "నేను రెండు తమ్ముళ్ళను కలిగి ఉన్నాను" అన్నట్టు వికారంగా వినిపిస్తుంది. తెలుగుగా అది ఎవరూ మాట్లాడరు గానీ, లోపలి మెట్టుగా పనికొస్తుంది.

"డిడ్" దగ్గర జరిగే తప్పు అందరికీ తెలిసిందే: "ఐ డిడ్ నాట్ వెంట్". విచిత్రమేమిటంటే దీనికి మందు తెలుగులోనే ఉంది. "వెళ్ళాను"ని కాదనాలంటే "వెళ్ళానులేదు" అనం, "వెళ్ళలేదు" అంటాం. "వెళ్ళ" అని క్రియ మూలరూపానికి వెళ్ళిపోతుంది, జరిగిన కాలం సంగతి "లేదు" చూసుకుంటుంది. ఇంగ్లీషులో కూడా "డిడ్" కాలాన్ని మోస్తుంది గనక "గో" మూలరూపంలోనే ఉండాలి: "ఐ డిడ్ నాట్ గో". ప్రశ్నలోనూ అంతే, "డిడ్ యు గో?" "డజ్" వచ్చినా ఇదే లెక్క: "షి డజ్ నాట్ లైక్ టీ", "లైక్స్" కాదు. ఎస్ ఒకసారి "డజ్"లో పడింది, రెండోసారి అక్కర్లేదు.

ఐఎన్‌జీ రూపాన్ని మనవాళ్ళు అవసరానికి మించి వాడతారు. కారణం "-తున్నా" అనే తెలుగు రూపం. "ఆయన బ్యాంకులో పనిచేస్తున్నాడు" అంటే ఈ నిమిషం చేస్తున్నాడని కాదు, అది ఆయన ఉద్యోగం. ఇంగ్లీషులో "హి వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్". ఈ క్షణం కళ్ళముందు జరుగుతున్నదానికీ, కొద్దికాలమే ఉండేదానికీ మాత్రం "ఈజ్ వర్కింగ్". నో, వాంట్, లైక్, నీడ్, బిలీవ్, అండర్‌స్టాండ్, "నా దగ్గర ఉంది" అనే అర్థంలో హావ్: వీటికి ఐఎన్‌జీ తగిలించకండి. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" తప్పు. "ఐ యామ్ హావింగ్ లంచ్" తప్పు కాదు, ఎందుకంటే అక్కడ హావ్ అంటే తినడం.

కర్మ ఎవరు? కూర్చున్న చోటే చెబుతుంది

"కుక్క మనిషిని కరిచింది." "మనిషిని కుక్క కరిచింది." రెండింటికీ అర్థం ఒకటే. "ని" అనే ప్రత్యయం మాటతోనే ఉంటుంది కాబట్టి ఆ మాట ఎక్కడ కూర్చున్నా కర్మే. ఆర్టీసీ బస్సులో టికెట్ చేతిలో ఉంటే ఏ సీట్లో కూర్చున్నా ఫరవాలేదన్నట్టు. ఇంగ్లీషు రిజర్వేషన్ బోగీ. క్రియకి ముందు సీటు కర్తది, వెనక సీటు కర్మది. "ద డాగ్ బిట్ ద మ్యాన్"లో రెండు పేర్లనీ అటూఇటూ మార్చితే మనిషి కుక్కని కరుస్తాడు.

మామూలు నామవాచకాలకి సీటు ఒక్కటే ఆధారం. ఒక్క సర్వనామాలకే రూపం కూడా మారుతుంది: ఐ కాస్తా మి, హి కాస్తా హిమ్, షి కాస్తా హర్, వి కాస్తా అస్, దే కాస్తా దెమ్. నేను, నన్ను లాగానే. ఇద్దరు కలిసినప్పుడే తికమక వస్తుంది: "సర్ కాల్డ్ రవి అండ్ ఐ" సరైనదా? రవిని తీసేసి చూడండి. "సర్ కాల్డ్ ఐ" అనం కదా, కాబట్టి "రవి అండ్ మి".

కర్మ తీసుకునే తీరునిబట్టి క్రియలు రకాలు. నిద్రపోవడం, నవ్వడం, రావడం లాంటి అకర్మక క్రియలకి కర్మ అక్కర్లేదు: "ద బేబీ స్లెప్ట్". సకర్మక క్రియలకి కావాలి. తెలుగు సకర్మకానికి కూడా కర్మని మింగేస్తుంది, ఇంగ్లీషు మింగదు. "సినిమా చూశావా? నచ్చిందా?" అన్నదాన్ని "డిడ్ యు లైక్?" అని వదిలేస్తే వాక్యం గాల్లో వేలాడుతుంది. "డిడ్ యు లైక్ ఇట్?" అనాలి. "తీసుకో" అంటే "టేక్ ఇట్", "ఇవ్వు" అంటే "గివ్ ఇట్ టు మి". "పుట్" ఇంకా పట్టుదల గలది. దానికి కర్మా కావాలి, చోటూ కావాలి: "పుట్ ద కీస్ ఆన్ ద టేబుల్". రెండింటిలో ఏది లేకపోయినా వాక్యం నిలవదు.

తెలుగు చదువుకున్నవారికి ఇంగ్లీషు ఇచ్చే ఒక సౌకర్యం ఇక్కడుంది. "పాలు కాగాయి", "అమ్మ పాలు కాచింది" అని మనం క్రియ మారుస్తాం. "తలుపు తెరుచుకుంది", "వాడు తలుపు తెరిచాడు" అంటాం. "కర్ర విరిగింది", "కర్ర విరిచాడు" అంటాం. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట: "ద మిల్క్ బాయిల్డ్", "మదర్ బాయిల్డ్ ద మిల్క్". ఓపెన్, బ్రేక్, మెల్ట్, స్టార్ట్, స్టాప్ అన్నీ ఈ జట్టే. వెనక సీటు నిండి ఉందా, ఖాళీగా ఉందా అన్నదే తేడా. ఈ సౌకర్యం అన్నిచోట్లా దొరకదు. "లేవడం" రైజ్, "లేపడం" రెయిజ్: "ఐ రెయిజ్డ్ మై హ్యాండ్", "ద సన్ రోజ్". "పడుకోవడం" లై, "పరచడం, పెట్టడం" లే. పైగా లైకి భూతకాలం "లే". ఇంగ్లీషువాళ్ళే తడబడే చోటిది, మీరు తడబడితే సిగ్గుపడక్కర్లేదు.

"ఆమె డాక్టరు"లో డాక్టరు కర్మ కాదు. ఆమె, డాక్టరు ఒకే మనిషి. ఈజ్, బికమ్, సీమ్, లుక్‌ల వెనక వచ్చేది కర్తని వివరించే మాట. గుర్తు చాలా తేలిక: రెండు వైపులా ఉన్నది ఒక్కరే అయితే అది కర్మ కాదు.

ఇచ్చే క్రియలకి రెండు కర్మలు. "నేను రాధకి పుస్తకం ఇచ్చాను" రెండు విధాలుగా చెప్పొచ్చు: "ఐ గేవ్ రాధ ఎ బుక్", "ఐ గేవ్ ఎ బుక్ టు రాధ". మనిషి ముందొస్తే "టు" ఉండదు, వస్తువు ముందొస్తే "టు" ఉంటుంది. "ఐ గేవ్ టు రాధ ఎ బుక్" అన్న మూడో దారి లేదు. సెండ్, షో, టీచ్, టెల్, లెండ్ ఇలాగే నడుస్తాయి. బై, మేక్, కుక్‌లకి "టు" బదులు "ఫర్": "ఐ బాట్ ఎ శారీ ఫర్ మై మదర్". ఎక్స్‌ప్లెయిన్, సే, సజెస్ట్, డిస్క్రైబ్ మాత్రం ఈ గుంపులోకి రావు. "ఎక్స్‌ప్లెయిన్ మి దిస్ సమ్" అనేది క్లాసుల్లో రోజూ వినబడే తప్పు. "ఎక్స్‌ప్లెయిన్ దిస్ సమ్ టు మి" అనాలి. "చెప్పాను"కి ఇంగ్లీషులో రెండు మాటలుండడం ఇంకో చిక్కు: "టోల్డ్ హిమ్", కానీ "సెడ్ టు హిమ్".

నేరుగా కర్మ తీసుకునేవి, తీసుకోనివి

అసలైన కష్టం ఇది. రూలు లేదు, క్రియతోపాటే నేర్చుకోవాలి. మన నోటికి తప్పు ఎక్కడ నుంచి వస్తుందో తెలిస్తే మాత్రం సగం పని తగ్గుతుంది.

తెలుగు ప్రత్యయం లోపల్లోపల పనిచేసి అక్కర్లేని ప్రిపొజిషన్ తెచ్చిపెడుతుంది. "సమస్య గురించి చర్చించాం" అని మనసులో ఉంటుంది గనక "డిస్కస్డ్ అబౌట్" వస్తుంది, "వి డిస్కస్డ్ ద ప్రాబ్లం" చాలు. "స్టేషన్‌కి చేరాను" వల్ల "రీచ్‌డ్ టు", ఉండాల్సింది "రీచ్‌డ్ ద స్టేషన్". "గదిలోకి" వల్ల "ఎంటర్డ్ ఇన్‌టు ద రూమ్", కావలసింది "ఎంటర్డ్ ద రూమ్". "ప్రశ్నకి జవాబు" వల్ల "ఆన్సర్ టు ద క్వశ్చన్". క్రియగా వాడినప్పుడు "ఆన్సర్ ద క్వశ్చన్" చాలు. నామవాచకమైతే మాత్రం "ద ఆన్సర్ టు ద క్వశ్చన్" సరైనదే. "ఆమెతో పెళ్ళి" వల్ల "మ్యారీడ్ విత్ హర్", సరైనది "మ్యారీడ్ హర్". "అతనికి ఫోన్ చేశా" అంటే "కాల్డ్ హిమ్", మధ్యలో "టు" లేదు. "మీటింగ్‌కి హాజరయ్యాను" అంటే "అటెండెడ్ ద మీటింగ్".

ఇటువైపు తెలుగులో "ని" ఉండి, లేదా ఏమీ లేకుండా, ఇంగ్లీషులో ప్రిపొజిషన్ కోరేవి: "పాటలు విన్నాను" అంటే "లిజన్డ్ టు సాంగ్స్", "నన్ను చూడు" అంటే "లుక్ ఎట్ మి", "డబ్బు అడిగాడు" అంటే "ఆస్క్డ్ ఫర్ మనీ". మనిషిని అడిగితే మళ్ళీ ప్రిపొజిషన్ లేదు: "ఆస్క్డ్ హిమ్ ఫర్ మనీ". "తాళాలు వెతుకుతున్నా" అన్నదాన్ని "ఐ యామ్ సెర్చింగ్ మై కీస్" అంటే తాళాల లోపల ఏదో వెతుకుతున్నట్టు. వెతికే వస్తువుకి "ఫర్" పెట్టాలి, వెతికే చోటు నేరుగా కర్మ అవుతుంది: "ఐ సెర్చ్‌డ్ మై బ్యాగ్ ఫర్ ద కీస్".

కొన్ని హాయిగా కలిసిపోతాయి. "నా కోసం ఆగు" అంటే "వెయిట్ ఫర్ మి", "అతని మీద ఆధారపడ్డాను" అంటే "డిపెండెడ్ ఆన్ హిమ్". వీటి మీద సమయం పెట్టక్కర్లేదు.

అనుమానం వస్తే విద్యార్థుల కోసం చేసిన నిఘంటువు చూడండి. కేంబ్రిడ్జ్ నిఘంటువులో క్రియ పక్కన టి అనే అక్షరం ఉంటే సకర్మకం, ఐ ఉంటే అకర్మకం. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి నిఘంటువు వెబ్‌సైటులో ఆ మాటల్నే పూర్తిగా రాస్తుంది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో అర్థం మాత్రమే చూసి మూసేస్తే ఈ సమాచారం దొరకదు. అర్థం తర్వాత ఇచ్చిన ఉదాహరణ వాక్యం చదవడం అర్థం కన్నా ముఖ్యం.

విభక్తులు వచ్చినవారికి ప్రిపొజిషన్లు కొత్త కాదు

"డు ము వు లు ప్రథమా విభక్తి" అని బళ్ళో వల్లించినవారికి ప్రిపొజిషన్ పని తెలిసినట్టే. అదీ విభక్తే. మాటకి వెనక తగలకుండా ముందు నిలబడుతుంది, అంతే. చిక్కల్లా ఒక్క తెలుగు ప్రత్యయానికి ఇంగ్లీషులో నాలుగైదు ఉండడం.

"కి, కు" చూడండి. "విజయవాడకి వెళ్ళాను" అంటే "టు విజయవాడ". "ఐదింటికి రా" అంటే "ఎట్ ఫైవ్". "అమ్మకి చీర కొన్నా"లో "ఫర్". "చెట్టుకి కాయలున్నాయి" అంటే "ఆన్ ద ట్రీ". "ఇంటికి వెళ్ళాను"లో ఏదీ లేదు: "వెంట్ హోమ్". హియర్, దేర్, అబ్రాడ్, అప్‌స్టెయిర్స్ కూడా హోమ్‌లాగే, వాటి ముందు "టు" పెట్టకండి.

"లో" అనగానే "ఇన్" రాయడం ఇంకో అలవాటు. "గదిలో", "కారులో", "ఆటోలో", "ఎండలో" దగ్గర "ఇన్" సరిపోతుంది. "బస్సులో", "రైల్లో", "విమానంలో" ఉంటే "ఆన్". లోపల నిలబడి నడవగలిగే బండికి ఆన్, ఒదిగి కూర్చోవలసిన బండికి ఇన్ అని పెట్టుకుంటే దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. బైక్ మీద ఎక్కి కూర్చుంటాం గనక దానికీ ఆన్. "ఫోన్‌లో మాట్లాడుతున్నాడు", "టీవీలో వచ్చింది" అన్నవాటికి "ఆన్ ద ఫోన్", "ఆన్ టీవీ". ప్రయాణ సాధనంగా చెప్పినప్పుడు "బై బస్", అప్పుడు "ద" కూడా పోతుంది. తమాషా ఏమిటంటే తెలుగులో పిట్ట చెట్టు "మీద" ఉంటుంది, ఇంగ్లీషులో "ఇన్ ద ట్రీ". కొమ్మల నడుమ ఉందని వాళ్ళ లెక్క.

"తో" కూడా అంతే: పెన్నుతో రాస్తే "విత్ ఎ పెన్", చలితో వణికితే "విత్ కోల్డ్", జ్వరంతో బాధపడితే "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్", మలేరియాతో చనిపోతే "డైడ్ ఆఫ్ మలేరియా".

"నుంచి" ఒక్కటీ విడిగా కూర్చుని నేర్చుకోదగ్గది. చోటైతే "ఫ్రమ్". కాలమైతే రెండు దారులు: మొదలైన క్షణాన్ని చెబితే "సిన్స్", గడిచిన పొడుగు చెబితే "ఫర్". "2022 నుంచి" అంటే "సిన్స్ 2022", "రెండేళ్ళ నుంచి" అంటే "ఫర్ టూ ఇయర్స్". క్రియ కూడా మారాలి. "రెండేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను" అనేది తెలుగులో వర్తమానం. ఇంగ్లీషులో నిన్నటికీ ఇవాళ్టికీ వంతెన వేసే హావ్ రూపం కావాలి: "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్". "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అనే వాక్యంలో రెండు తప్పులూ ఒకేసారి దొర్లాయి.

"ఐదింటికల్లా రా" అంటే "బై ఫైవ్". "ఐదింటిదాకా ఉండు" అంటే "అంటిల్ ఫైవ్". "కల్లా", "దాకా"ల తేడా తెలుగులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో బై, అంటిల్ తారుమారు చేసేవాళ్ళు మనసులో ఈ జంటని పెట్టుకుంటే చాలు.

కాలానికి గడియారమైతే ఎట్, రోజూ తేదీ అయితే ఆన్, నెలా సంవత్సరమూ అయితే ఇన్: "ఎట్ సెవెన్", "ఆన్ మండే", "ఆన్ ది ఫిఫ్టీన్త్ ఆఫ్ ఆగస్ట్", "ఇన్ 1947". ఉదయానికి "ఇన్ ద మార్నింగ్", రాత్రికి "ఎట్ నైట్". "సోమవారం ఉదయం" అన్నామా, రోజు పేరు గెలుస్తుంది: "ఆన్ మండే మార్నింగ్". నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ముందుంటే ఏదీ వద్దు: "ఐ విల్ కమ్ నెక్స్ట్ మండే".

ప్రిపొజిషన్ వెనక వచ్చేది నామవాచకం గానీ, మి, హిమ్ లాంటి కర్మరూపం గానీ కావాలి. "బిట్వీన్ యు అండ్ ఐ" తప్పు, "యు అండ్ మి". అక్కడ క్రియ పెట్టాలంటే ఐఎన్‌జీ తొడగాలి: "తినకుండా వెళ్ళాడు" అంటే "హి లెఫ్ట్ వితౌట్ ఈటింగ్". ఉత్తరాల చివర రాసే "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు" తప్పే. అక్కడి "టు" ప్రిపొజిషన్ కాబట్టి "మీటింగ్ యు" రాయాలి.

పొడుగు వాక్యం ఎదురైతే కొట్టివేత

చదివేటప్పుడు ప్రిపొజిషనల్ ఫ్రేజులే, అంటే ప్రిపొజిషనూ దాని వెనక నామవాచకమూ కలిసిన ముక్కలే, దారి తప్పిస్తాయి. పెన్సిల్ తీసుకుని, ప్రిపొజిషన్ దగ్గర మొదలుపెట్టి దాని వెనక నామవాచకం దాకా అడ్డగీత కొట్టండి. "ది ఓల్డ్ మ్యాన్ ఇన్ ద బ్లూ షర్ట్ గేవ్ ఎ బ్యాగ్ ఆఫ్ మాంగోస్ టు ద బాయ్ ఎట్ ద గేట్." నాలుగు ఫ్రేజులు పోగా మిగిలింది "ది ఓల్డ్ మ్యాన్ గేవ్ ఎ బ్యాగ్". కర్త, క్రియ, కర్మ బయటపడ్డాయి. ఇప్పుడు కొట్టేసినవి ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి, అది ఏ మాటకి చెందుతుందో అడగండి: చొక్కా ముసలాయనది, మామిడిపళ్ళు సంచివి, గేటు పిల్లవాడు ఉన్న చోటు.

కర్త, కర్మ ఎప్పుడూ ప్రిపొజిషనల్ ఫ్రేజు లోపల దొరకవు. కర్తకి తగ్గ క్రియ పెట్టడంలో చేసే తప్పులు చాలావరకు ఇది మరవడం వల్లే. "ద బాక్స్ ఆఫ్ మాంగోస్ ఈజ్ హెవీ": బరువు పెట్టెది, మామిడిపళ్ళు పక్కనే ఉన్నాయని "ఆర్" పెట్టకూడదు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఇన్ హైదరాబాద్": అక్కడ ఉన్నది ఒక్కడే.

రాసేటప్పుడు ఫ్రేజుని దాని మాటకి ఆనించే ఉంచండి. "ద పోలీస్‌మ్యాన్ కాట్ ద థీఫ్ విత్ ఎ స్టిక్" అంటే కర్ర ఎవరి దగ్గరుంది? "కర్ర పట్టుకున్న దొంగని" అనీ "కర్రతో" అనీ తెలుగు తేల్చి చెబుతుంది, ఇంగ్లీషు చెప్పదు. పోలీసుదే అయితే "యూజింగ్ ఎ స్టిక్" అని మార్చుకోవడం మేలు.

ఇంకొక మోసగాడున్నాడు. "స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్"లో "ఆఫ్" చూడ్డానికి ప్రిపొజిషన్‌లా ఉంటుంది కానీ, అది క్రియలో భాగం, ఫ్యాను దాని కర్మ. కర్మ బదులు "ఇట్" పెట్టి చూస్తే బయటపడుతుంది. "స్విచ్ ఇట్ ఆఫ్" అని మధ్యలో దూరితే క్రియలో భాగం. "లుక్ ఆఫ్టర్ హిమ్"లా వెనకే ఉండిపోతే దాన్ని మామూలు ప్రిపొజిషన్‌గానే చూడొచ్చు. "స్విచ్ ఆఫ్ ఇట్" అనకూడదు.

రోజుకి పదిహేను నిమిషాల పని

నోటుబుక్కు పేజీని నాలుగు నిలువు గళ్ళు చేయండి: కర్త, క్రియ, కర్మ, మిగతావి. ఆ రోజు మీరు నిజంగా తెలుగులో అన్న ఐదు మాటలు రాసుకోండి, "గ్యాస్ అయిపోయింది", "రేపు డబ్బు పంపుతా" లాంటివి. ఒక్కొక్కదాన్నీ కర్తని నిలిపి తోకవైపు నుంచి గళ్ళలో దించండి. చివరి గడిలో చోటు ముందు, కాలం తర్వాత. కర్మకీ క్రియకీ మధ్య ఏమీ దూరనివ్వకండి. "ఐ లైక్ వెరీ మచ్ మాంగోస్" అని రాశారంటే గడి దాటారన్న మాట, "వెరీ మచ్" చివరికి పోవాలి.

కొత్త క్రియలు వారానికి పదికి మించొద్దు. ఒక్కొక్కదాన్ని దాని తోకతో సహా రాయండి: "లిజన్" అని కాదు, "లిజన్ టు సంబడీ" అని. "డిస్కస్" అని కాదు, "డిస్కస్ సంథింగ్" అని. ముప్ఫై క్రియలు పోగయ్యాక కర్మ గడిని అట్టముక్కతో మూసి, ప్రతిదానికీ నేరుగా కర్మ వస్తుందా, ఏ ప్రిపొజిషన్ వస్తుందా అని నోటితో చెప్పండి. తప్పినవాటికి చుక్క పెట్టి మర్నాటి ఐదు వాక్యాల్లో వాటినే వాడండి. మూడు చుక్కలు పడిన క్రియ ఉంటే దాని తెలుగు వాక్యం పక్కన రాసి, ఏ ప్రత్యయం అడ్డం పడుతోందో గీత గీసి చూడండి. చాలాసార్లు అది "కి" అయి ఉంటుంది, లేదా "గురించి".